నా మణికట్టు విరిచిన ఉస్తాద్

పోయిన నెలలో ఒక పొద్దున నేను మగ్గం గుంటలో కూచుని నేస్తున్నాను. ఆదోని నుంచి నూలు దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు వాకిట్లో నిలబడి చెప్పాడు. “మీ ఉస్తాద్ పోయినాడప్పా. నిన్న మధ్యాన్నం మట్టి చేసినారు.” లోపల బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తకుండానే అంది: “పోయినాడా? ఇంగ ఆడ పోయి ఎవురి చేతులు ఇరుస్తాడో.”

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి మంచి మాత్రమే చెప్పాలంటే రెండు మాటలతో అయిపోతుంది. అందుకని ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను ఎమ్మిగనూరులో నేతపనివాణ్ణి. ఆయనకు ఆదోనిలో చెప్పుల అంగడి ఉండేది. వయసులో బొంబాయి పోయి, అక్కడొక చీనా ఆయన చెప్పుల అంగట్లో చాలా ఏళ్ళు పనిచేశాడు. చెప్పులు కుట్టడంతో పాటు కుంగ్‌ఫూ కూడా అక్కడే నేర్చుకొచ్చాడు. కుంగ్‌ఫూలో చాలా రకాలున్నాయట. ఆయనది దండం పెట్టే పురుగు రకం. జొన్నచేలల్లో ఆకుపచ్చగా, ముందరి కాళ్ళు రెండూ మడిచి దేవుడికి మొక్కుతున్నట్టు కూచుంటుందే, ఆ పురుగు. “దాన్ని సూసి మనోళ్ళు మొక్కుతాంది అనుకుంటారు. అది మొక్కుతానే పట్టుకుంటాది. పట్టుకున్నంక సంపను కూడా సంపదు. బతికుండంగానే తలకాయ కాడినుంచి తింటాది” అనేవాడు, సొంత బిడ్డను మెచ్చుకున్నట్టు.

అది డెబ్బైల చివర. ఆదోని హాళ్ళలో కుంగ్‌ఫూ సినిమాలు ఆడి, వీధికొక కుర్రాడు కాళ్ళు పైకెత్తి కేకలు పెట్టే రోజులు. మా ఊరి జాతరలో కుస్తీలు జరుగుతుంటే, కుస్తీ గొప్పా కుంగ్‌ఫూ గొప్పా అని ఎవరో ఆయన్ను రెచ్చగొట్టారు. అప్పట్లో మా కుస్తీ గరిడిలో నన్ను పడేసేవాడు లేడు. ఆయన చూస్తే నలభై దాటిన బక్కమనిషి, లుంగీ నిండా చెప్పుల రంగు మరకలు. నాకు నవ్వొచ్చింది. మా గరిడి మర్యాద ప్రకారం మట్టి కళ్ళకద్దుకుని, చేతులు కలపడానికి కుడి చెయ్యి చాచాను. ఆయనకు ఆ మర్యాద తెలియదు. తెలుసేమో కూడా. ఆయన కుడి చేతి వేళ్ళు నా మణికట్టు మీద కొక్కెంలా పడ్డాయి, ఎడమ ముంజెయ్యి నా మోచేతి మీద పడింది, నా మణికట్టులో ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. కుస్తీ ఇంకా మొదలే కాలేదు. జనం రాళ్ళు అందుకున్నారు. ఆయన మాత్రం నింపాదిగా, “చెయ్యి ఇచ్చినాడు, తీసుకుంటి” అన్నాడు.

వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. ఎముక అతికింది గాని బలం రాలేదు. మగ్గం మీద కుడి చేత్తో తాడు గుంజితేనే పోగును మోసే నాడె పరుగెత్తుతుంది. నేను గుంజితే సగం దూరం పోయి ఆగేది. మా నాయన కొన్నాళ్ళు చూశాడు. ఒకరోజు నన్ను గుంటలోంచి లేపి, మా చెల్లెలి పక్కన రాట్నం ముందు కూచోబెట్టాడు. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు, పిల్లలు చేసే పని. నేనేమో జాతరలో వెండి కడియం గెలిచినవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు పనిగట్టుకుని తొంగిచూసి, “ఏమప్పా పైల్వాన్, కండెలు బాగా వస్తాండాయా?” అనేవాళ్ళు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆ చెప్పులవాడి చెయ్యి విరిస్తే తప్ప నాకు నిద్ర పట్టదనిపించేది.

బస్సెక్కి ఆదోని పోయాను. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని చెప్పుకు కొడుతున్నాడు.

“నీ చెయ్యి ఇరవనీకి వచ్చినా” అన్నాను.

మేకులు అరచేతిలోకి తీసుకుని, నా మణికట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. “బాగా అతికించినాడే. ఎవురు కట్టింది?” అన్నాడు. తర్వాత, “నా చెయ్యి ఇరవాలంటే నా దగ్గరనే నేర్సుకోవాల. ఈ పక్క ఇంగెవురికీ రాదు. సోమారం రా” అన్నాడు.

తప్పయిందని ఒక్క మాట లేదు. నేను సోమవారం పోయాను.

అంగడి వెనక సందులో నేర్పేవాడు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒరగాల్సినంత సందు. మైదానానికి పోదామంటే, “తన్నులాట మైదానంలో వస్తాదా? బస్సులో వస్తాది, సారాయంగడి కాడ వస్తాది, కక్కసుకు పోయిన కాడ వస్తాది” అనేవాడు. సినిమా చూసి వచ్చిన కుర్రాళ్ళు కాలు పైకెత్తితే, ఎత్తిన కాలు పట్టుకుని వాళ్ళను ఒంటికాలి మీద మురిక్కాలవ దాకా నడిపించేవాడు. మోకాలి పైన తన్నడం ఆయన దగ్గర లేదు. చెప్పు అంచుతో కాలి ముందరి ఎముకను గీకాలి. మీదికొచ్చే గుద్దును ఆపకూడదు, దాని మణికట్టుకు కొక్కెం వేసి, అది పోయే వైపే ఇంకాస్త లాగాలి. మనిషి ముందుకు తూలగానే రెండో చెయ్యి మెడ మీద పడాలి. ఎవరికో ఒకరికి నెత్తురు రాని రోజు పాఠం అయినట్టు కాదు. ఒకడి ముక్కు పగిలితే వేలితో అద్ది చూసి, “ఎర్రగానే ఉందిలే, నిలబడు” అన్నాడు. కొద్దిరోజులకే సినిమా కుర్రాళ్ళెవరూ మిగల్లేదు.

నా దగ్గరికొచ్చి మాత్రం, “ఈ పొద్దు ఇరుస్తావా, వచ్చే వారమా?” అని అడిగేవాడు. నేను మీద పడేవాణ్ణి. మరుక్షణం నా చెంప గోడకు ఆనుకుని ఉండేది.

నా కుడి చెయ్యి చూసి జాలిపడలేదు. దాన్ని తువ్వాలుతో వీపుకు కట్టేసి, ఎడమ చేత్తోనే పత్తిగింజల మూట లాగించేవాడు. పొద్దుగూకేసరికి చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు వంగేవి కావు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, “మీయమ్మను పిలిపించేదా? గుండీలు పెడతాది” అనేవాడు. అలా తయారైన ఎడమ చెయ్యి ఒకరోజు ఇంట్లో మగ్గం తాడు పట్టుకుని గుంజింది. నాడె ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తింది. మా నాయన చూశాడు, రాట్నం ముందున్న నా పీట తీసి అటక మీద పడేశాడు. ఉస్తాద్‌కు ఆ ఒక్కదానికి చచ్చేదాకా రుణపడి ఉంటాను. విరిచింది కూడా ఆయనే కదా అంటారా, అవును, ఆయనే.

ఆయనకు నా మీద ఒకే కోపం. ప్రతి పట్టునూ ఎముక విరిగే దగ్గరికి తీసుకుపోయి ఆపేసేవాణ్ణి. నేర్చుకునేటప్పుడు జతవాడి చెయ్యి నిజంగా విరవలేం కదా. “గడప దాకా పోతావు, లోపలికి పోవు. లోపల ఏముందో నీకు తెల్దు” అనేవాడు. ఒకసారి కోడుమూరు బస్టాండులో తాగినవాడొకడు నా మీద కత్తి తీశాడు. కత్తి చేతికి కొక్కెం వేశాను, మోచెయ్యి నొక్కాను, అలవాటు కొద్దీ అక్కడే ఆపాను. వాడు కత్తిని రెండో చేతిలోకి మార్చుకుని నా పక్కటెముకల మీద గీశాడు. కుట్లు వేయించుకుని పోతే, ఉస్తాద్ వాటిని బొటనవేలితో నొక్కి చూశాడు. “బాగా అయింది. నా చెయ్యి ఇరిసే మొగోడివి నువ్వేనా?” అన్నాడు.

పోయిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. చివరిసారి నేను పోయినప్పుడు మంచం మీద గోడకు ఒరిగి కూచుని ఉన్నాడు. మాట ముద్దగా వచ్చినా తెలుస్తూనే ఉంది. ఆయన భార్యను మేమంతా చిన్నమ్మా అని పిలిచేవాళ్ళం. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోగానే, ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి నా ఒళ్ళో పడేశాడు.

“పట్టు. ఇరువు. గడప దాటు.”

“ఏం మాటలు ఉస్తాద్ ఇవి?”

“నాకు దేనికీ పనికిరాదు. సచ్చిన చెయ్యి. నువ్వన్నా నేర్సుకో.”

పట్టుకున్నాను. తడిసిన నూలులా చల్లగా, బరువుగా ఉంది. మణికట్టుకు కొక్కెం వేసి, మోచేతి మీద ముంజెయ్యి ఆనించాను. “బొటనేలు తప్పు. ఇంగా లోపలికి” అని దిద్దాడు. దిద్దినట్టే పెట్టాను. నూలుపోగంత నొక్కితే అయిపోయేది. రాట్నం ముందు కూచున్న రోజు నుంచి నేను కోరుకున్నది నా చేతుల్లో ఉంది. ఆయన కళ్ళల్లో భయం లేదు, నేర్పాలన్న ఆశే ఉంది. వదిలేశాను. జాలితో కాదు.

“నొప్పి తెలీని చెయ్యి ఇరిస్తే నాకేమొస్తాది ఉస్తాద్?” అన్నాను. “నాకు తెలిసినంత నీకూ తెలియాల గదా.”

అంత కటికమాట నేను మరెవరినీ అనలేదు. ఆయన దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి పైకి తీశాడు. అన్నం తినేది దాంతోనే, నీళ్ళు తాగేది దాంతోనే, దిగినప్పుడు మంచం కోడు పట్టుకునేది దాంతోనే. అరచెయ్యి పైకి పెట్టి నా ముందుకు చాచాడు.

“అట్లయితే ఇది తీసుకో” అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. అంతలో చిన్నమ్మ టీ తెచ్చింది. పొయ్యి మీంచి అప్పుడే దించి పోసిన టీ. గ్లాసు అంచు పట్టుకుని అందుకుని, ఆ అరచేతిలో పెట్టాను. ఆయన వేళ్ళు గ్లాసు చుట్టూ బిగుసుకున్నాయి. “కాలుతాది, కింద పెట్టు, కింద పెట్టు” అని చిన్నమ్మ అంటూనే ఉంది. ఆయన తాగలేదు, కింద పెట్టలేదు. నా ముఖం వైపే చూస్తున్నాడు. వేళ్ళు ఎర్రబడుతున్నాయి. గ్లాసు వెనక్కి తీసుకోకుండా నేను చూస్తూ కూచున్నాను.