ఎడమ వైపు చూపని ఓడ

మా మామగారు పోయారు. టీ అడిగి, అది వచ్చేలోగా యారాడలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటి అరుగు మీదే ఒరిగిపోయారని ఫోను వచ్చింది. ఎలమంచిలిలో నేను లెక్కలు రాసే కొట్టు నుంచి వెళ్లేసరికి జనం చేరి ఉన్నారు. ఆయన బైనాక్యులర్ అరుగు మీదే ఉంది.

దేన్నీ ఒక్క మాటతో నమ్మే మనిషి కాదు. పెళ్లిచూపులనాడు నా అరచేతులు తిప్పి చూశారు.

"మెత్తగున్నాయి. ఏటి పని సేస్తావు?"

లెక్కలు రాస్తానన్నాను.

"ఎవులి కూడు తింటే ఆల్ల లెక్క కరెక్టంటావు" అన్నారు. పిల్లనైతే ఇచ్చారు.

కొన్నేళ్ల కిందట మంచు పట్టిన ఒక ఉదయం ఆయిల్ ట్యాంకరు ఓడ ఒకటి, మామగారు తమ్ముడితో చేపల వేటకెళ్లిన పడవను గుద్ది, ఆగకుండా పోయింది. ఆయన తమ్ముడు దొరకలేదు. నీళ్లలోంచి మామగారు చూసినవి రెండే: ఓడ పొగగొట్టం, ఎడమ వైపు లంగరు కింద తలుపంత పాత సొట్ట. పేరు చదవడం ఆయనకు రాదు. మళ్లీ పడవ ఎక్కలేదు. వచ్చే ప్రతి ట్యాంకరునీ అరుగు మీంచి చూసేవారు. నేను వెళ్తే ఫోనులో ఓడల జాడ చూపే యాప్ తీయించి దాని పొడవు, కట్టిన ఏడాది, తిరిగిన రేవులు చదివించుకునేవారు.

"ఓడ మొగం సూసినంత సేపు నా మొగం సూడనేదు" అనేది అత్త.

ఈ మధ్య ఒక ట్యాంకరు బయట లంగరేసి వారాల తరబడి కదల్లేదు. ఈ పొగగొట్టాన్ని ఎరుగుదునన్నారు మామగారు. ఫోనులో చూస్తే, పడవ పోయిన రోజుల్లో అది గల్ఫులో ఉంది. ఇప్పుడు ఖాళీగా ఉందని కూడా రాసి ఉంది.

"కాలీ ఓడ అంత లోతుకు దిగుతాదేటి, అల్లుడా? పొట్ట నిండుంది, సూడు. సరుకు గురించి అబద్దమాడినోడు సోటు గురించి ఆడడా?"

మళ్లీ చూశాను. ఆ రోజుల దారిగీత నడుమ కొంత తెగి ఉంది; అంతసేపు ఓడ ఎక్కడుందో తెలియదు. పోలీసులకు చెబుదామన్నాను.

"సొట్ట సూడకండా ఎవులి మీదా సెప్పకూడదు. అనుమానం నాది. నింద ఆల్ది అయిపోతాది."

మాకు కనబడేది కుడివైపే. నిండు ఓడ ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది. దగ్గరకు గస్తీ వాళ్లు పడవల్ని పోనివ్వరు. కాలం మారి ప్రవాహం తిరగబడితే ఓడా తిరుగుతుందని మామగారు కాచుకున్నారు.

ఆయన పదోరోజు ముగిశాక అరుగు మీద కూర్చుని బైనాక్యులర్ పెట్టి చూశాను. ఓడ తిరిగి ఉంది. ఎడమ వైపు, లంగరు కింద, సొట్ట లేదు. తలుపంత మేర రంగు మాత్రం కొత్తది.

అత్త టీ తెచ్చింది. "ఏటి బాబూ, కనబడిందా?"

బైనాక్యులర్ ఆమె చేతికిచ్చాను. అన్నేళ్లలో ఆమె దాన్ని ముట్టడం నేను చూడలేదు. కళ్లకు పెట్టుకుంది. టీ మీద మీగడ కట్టినా దించలేదు.