ఎలుక కోసం పెట్టిన తలుపు

పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ కాళ్ళ కింద నక్కిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేను ఆ పూట ఎవరికీ కనపడే స్థితిలో లేను. మా మరదలి సంబంధం నా చేతుల మీదుగా చెడిపోయి, ఆ పాపం జన్మంతా నా నెత్తిన ఉండిపోవలసింది. నవ్వితే నవ్వండి, నాకు అలవాటైపోయింది.

మా కార్ఖానా ఊళ్ళో సిద్ధగోరా అనే పేటలో మా మామగారి ఇల్లు నదికి దగ్గర. వానాకాలం నీళ్ళొస్తాయని ఆయన స్తంభాలు లేపి, పైన స్లాబు వేసి ఇల్లు కట్టారు. కింద చుట్టూ ఇటుకగోడతో మూసేశారు. అలా గచ్చు కింద రెండున్నర అడుగుల బోలు మిగిలింది. దానిలోకి ఎలుకలకు తప్ప మరెవరికీ దారి లేదు. సరిగ్గా మా మరదలు సుధను చూడటానికి అదే ఊళ్ళోని బర్మామైన్స్ నుంచి పెళ్ళివారు వస్తున్నారనగా అందులో ఒక ఎలుక చచ్చింది. ముందుగదిలో కట్టలకొద్దీ అగరువత్తులు వెలిగించాం. దానికి దహనసంస్కారాలు చేస్తున్నట్టుంది తప్ప కంపు పోలేదు.

అప్పటికి నా పెళ్ళయి ఏడాది. కంట్రాక్టు కంపెనీలో వెల్డర్ని. మామగారేమో ముప్పై ఏళ్ళు కార్ఖానాలో సేఫ్టీ చూసి రిటైరైన మనిషి. ఆయన చేత ఒక్కసారి భేష్ అనిపించుకోవాలని నాకు ఒకటే తహతహ.

"ఏటుంది మామయ్యా, గోడకి కన్నవెట్టీసి, తలుపు బిగించీత్తాను" అన్నాను.

శనివారమంతా గోడ పగలగొట్టాను. ఆదివారం పొద్దున్నే మందపాటి ఇనుపరేకు తలుపు బిగించాను. బొద్దింక కూడా దూరలేనంత గట్టిగా! మామగారు నన్ను లోపలికి పోనివ్వకుండా ముందు పాఠం చెప్పారు. ఫోను లోపలికి తీసుకుపోకూడదట. దిగేముందు ఎవరి తాళం వాళ్ళు వేసుకుని చెవి జేబులో పెట్టుకోవాలట. ఒకరి తాళం జోలికి మరొకరు పోకూడదట. చెప్పేసి ఆయన స్నానానికి వెళ్ళారు.

కార్ఖానాలో ఆ తాళం వేసేది మిషను స్విచ్చికి. మనం లోపలుండగా ఎవరూ దాన్ని నడపకుండా. నాకు అది తెలుసు. కానీ ఇంటికింద మిషను ఎక్కడుంది? మామగారి మాట పోకూడదు కదా అని తాళాన్ని తలుపు గొళ్ళేనికే తెరిచి తగిలించాను. చెవి జేబులో వేసుకుని, ఫోను మోటరు గట్టు మీద పెట్టి, లోపలికి పాకాను. నాలాంటి తెలివైనవాళ్ళు ఊరికొకరుంటే చాలు.

ముందుగది కింద ఎలుక దొరికింది. దాన్ని సంచిలో వేసి, బ్లీచింగు పొడి చల్లుతున్నాను. అంతలో వెనక ధడేల్‌మని చప్పుడు. పెళ్ళివారు గంట ముందే వచ్చేశారు. తలుపు తెరిచి ఉండటం చూసి, నా పని అయిపోయిందనుకుని మామగారు మూసి తాళం నొక్కేశారు.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళున్నారు గానీ, ఎలుకను పట్టబోయి తానే బోనులో పడ్డవాణ్ణి నేనొక్కణ్ణే.

అరుద్దామంటే పైన పెళ్ళివారు కూర్చున్నారు. నేలలోంచి గొంతు వినిపిస్తే ఆ ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు? నోరు మూసుకున్నాను. పైన పెద్దల్లుడేడని అడిగినట్టున్నారు. నేనెక్కడా కనపడక మామగారు, కార్ఖానాలో నేను లేనిదే పని నడవదనీ, అర్జంటుగా పిలిపించారనీ చెబుతున్నారు. ఏడాదిగా నేను ఎదురుచూసిన పొగడ్త అది. సంతోషంతో గట్టిగా ఊపిరి పీల్చాను. బ్లీచింగు ముక్కులోకి పోయింది.

ఆ తుమ్ముకు పైన కాఫీ కప్పులు గలగలమన్నాయి.

"ఏటది?" అంది పెళ్ళికొడుకు తల్లి.

"ఏదో పిల్లి లెండి" అంది మా ఆవిడ గౌరి.

నేను మళ్ళీ తుమ్మాను. ఈసారి "అమ్మా" అని కూడా అన్నాను. పిల్లులు అలా అనవు.

పెళ్ళికొడుకు శ్రీను ఫిట్టరు. చప్పుడెక్కడిదో వెతుక్కుంటూ ఇంటి వెనక్కి వచ్చి తలుపు మీద కొట్టాడు.

"అందర్ కౌన్ హై?" అని, లోపలెవరని హిందీలో అడిగాడు.

"నేనేనండి. మీ తోడల్లుణ్ణి."

వెంటనే అందరూ వచ్చేసిన అడుగులు వినిపించాయి. చెవి నా జేబులో ఉంది, బయటికి పంపడానికి సందు లేదు. శ్రీను రంపం అడిగాడు. అప్పుడు మా మామగారు, ఇంటి పరువు, కూతురి పెళ్ళి, అల్లుడి ప్రాణం అన్నీ పక్కన పెట్టి అన్నారు కదా:

"ఆగు బాబూ. అది ఆయన తాళం. ఇంకొకలు కొయ్యడానికి ఈల్లేదు."

శ్రీను తలుపును అటూ ఇటూ చూశాడట. మడతబందుల బోల్టులు నేను బయటివైపే బిగించాను. అతను పానా తెప్పించి నాలుగూ విప్పి, తాళం తాళంగానే ఉండగా తలుపును రెండోవైపు నుంచి తెరిచాడు. నేను ఒళ్ళంతా బ్లీచింగుతో తెల్లబడి పాకుతూ వచ్చి, లేచి, మర్యాద తప్పకూడదని వాళ్ళమ్మకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. చేతుల మధ్య సంచి వేలాడుతోంది. అందులోంచి తోక బయటికి వచ్చింది.

ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. సుధ గుమ్మంలో ఏడుపు ముఖంతో నిలబడింది. నాకు నిజంగా మళ్ళీ ఆ బోలులోకే పోవాలనిపించింది.

"పెద్దల్లుడి సేత సచ్చిన ఎలక తీయించినోలు, రేపు నీ సేత ఏటి తీయిత్తారో సూసుకో" అంది ఆవిడ కొడుకుతో.

శ్రీను పానా తుడుచుకుంటూ అన్నాడు. "ఇంకా రేపేటమ్మా? నా సేత పెద్దల్లుణ్ణే తీయించీసినారు గదా."

ముందు సుధ నవ్వింది. ఆ నవ్వును శ్రీను చూశాడు. వాళ్ళమ్మ కొడుకును చూసి, ఇక లాభం లేదని తానూ నవ్వేసింది. లగ్నం ఆ పూటే మాట్లాడుకున్నారు.

కనుక బంధుమిత్రుల సమక్షంలో, ఆ దివంగత ఎలుక సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నేను పెట్టిన కన్నంలోకి నేను ఇంకెన్నడూ దూరను. దూరక తప్పకపోతే, మా తోడల్లుడు పానా పట్టుకుని బయట నిలబడితే గాని తల వంచను.