బహుధాన్య మాఘం

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "వాన. పనేమీ లేదు" అని ఉంటుంది. రెండూ అబద్ధాలే. ఆ రోజు ఎండ మండింది, నేను ఒక పని చేశాను. ఐదేళ్ళుగా ఆ పేజీ వచ్చినప్పుడల్లా రెండు కాగితాలు కలిపి తిప్పేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో.

మాది చిత్తూరు. నాయన కోర్టు బయట కూర్చుని అర్జీలు రాసేవాడు. కళ్ళకు పొరలు కమ్మాక రాయలేకపోయాడు. నాకు పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ అర్జీలన్నీ ఇంట్లో కూర్చుని నేనే రాసేదాన్ని. కింద ఆయన సంతకం చేసేవాడు. ఇంటికి వచ్చి రాయించుకునేవాళ్ళకు తప్ప, కోర్టులో ఎవరికీ తెలియదు. నలుగురిలో నోరు పెగలని పిల్లను నేను. కాగితం మీద మాత్రం ఎవరికీ తీసిపోనని లోపల్లోపల గర్వం ఉండేది. ఆ గర్వం గురించే ఇదంతా.

పాత కేసులో తీర్పు నకలు కావాలంటే కేసు నంబరు చెప్పాలి. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు నంబరు ఎక్కడ గుర్తుంటుంది? తెలుగు సంవత్సరం గుర్తుంటుంది. దాన్ని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చి అర్జీ పెడితే, గుమాస్తాలు ఆ ఏటి రిజిస్టరు తిరగేసి నంబరు చెబుతారు. అందుకే నాయన మొదట ఒకటే అడిగేవాడు: "సంక్రాంతికి ముందరా, తర్వాతనా?" తర్వాతైతే ఒకటి కలపాలి. ఇంగ్లీషు సంవత్సరం జనవరికే మారిపోతుంది, మనది ఉగాది దాకా మారదు. ఇది నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

మునెమ్మ పలమనేరు దగ్గరి పల్లె నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చింది. ముఖం నిండా మసి. నాయన కోర్టు దగ్గర ఉన్నాడు. మా అరుగు మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, తన కథ నాకు చెప్పింది. మొగుడు పోయాక అతని అన్న బిడ్డను తనకే ఉంచుకోవాలని చూశాడు. ఈమె కోర్టుకు ఎక్కింది. బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని జడ్జి తీర్పు ఇచ్చాడు. ఆ కాగితాన్ని కొట్టం వాసంలో దోపింది. చెదలు తిన్నాయి. అప్పటి వకీలు చనిపోయాడు. మొన్న వేసవిలో ఆమె జ్వరంతో పడిపోయినప్పుడు ఆ బావ వచ్చి, నయమయ్యేదాకా అని చెప్పి బిడ్డను తీసుకుపోయాడు. మళ్ళీ పంపలేదు. అడిగితే, "కాగితం సూపించు, తోలకపో" అన్నాడట. ఊరి మునసబూ అదే అన్నాడు. దీపావళి దాటితే ఆ బావ సంసారంతో కోలారు గనులకు పోతాడు. బిడ్డ పేరు మంగ, ఐదేళ్ళు. ఆ బావ వాళ్ళ పసిబిడ్డను చంకనేసుకుని తిరుగుతోందట.

"బహుధాన్యలోనమ్మా అర్జీ ఏసింది. మాఘమాసం. శివరాత్రికి ముందర" అని స్పష్టంగా చెప్పింది. నేను విన్నాను.

విన్నాను, కానీ అప్పటికే నా మనసు అర్జీలో మొదటి వాక్యం మీద ఉంది. చెదలు తిన్న తీర్పు, జ్వరంలో తల్లి. ఎంత బాగా రాయవచ్చునో అనుకుంటున్నాను. రాశాను కూడా. చదివి వినిపిస్తే మునెమ్మ ఏడ్చింది. నాకు లోపల సంతోషమైంది. బహుధాన్య అంటే పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది అని రాశాను. ఒకటి కలపలేదు.

పదిహేను రోజులకు అర్జీ తిరిగి వచ్చింది. వెనక ఎర్ర సిరాతో "సదరు సంవత్సరపు రిజిస్టరులో అట్టి కేసు లేదు" అని ఉంది.

ఆ మధ్యాహ్నం మునెమ్మ ఒక గంపలో సీతాఫలాలు తెచ్చింది. నాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను ఎర్ర సిరా చదివాను.

"లేకుండా యాడికి పోతాదమ్మా?" అంది మునెమ్మ. "జడ్జిదొర నా సేతికి బిడ్డను ఇప్పించినాడు గదా. మాఘంలో ఏసినాం, ఎండలు ముదరకముందే తీర్పు వొచ్చినాది. ఇంకోతూరి సూడమ్మా, యాడన్నా పొరపాటు పడిందేమో."

మాఘం. సంక్రాంతి తర్వాత. అప్పుడు తెలిసింది నాకు. సందేహం లేకుండా, పూర్తిగా తెలిసింది.

నాయన నవ్వాడు. "మా పాప రాసినాక పొరపాటా? దాని అర్జీ పట్టుకుంటే జడ్జిదొర భోజనానికి పోయేది మర్సిపోతాడు, సూస్కో."

వాళ్ళిద్దరూ నా వైపు చూస్తున్నారు. నాయన చూపు కొంచెం పక్కకు, నేను లేని చోటికి.

"పొరపాటేం లేదక్కా. కేసు లేదన్నారు" అన్నాను.

అంతే. నాలుగు మాటలు. దీపావళికి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. ఇంకొక అర్జీ పెడితే సరిపోయేది.

ఎందుకన్నాను? నాయన కోసమని చాలాకాలం చెప్పుకున్నాను. నేను రాస్తున్నానని బయటపడితే ఆయనను కోర్టు దగ్గర కూర్చోనివ్వరని, ఆ నవ్వు ఆగిపోతుందని. ఇందులో కొంత నిజముంది. కానీ "ఒకటి కలపడం మరిచాను" అంటే నాయన ఏమనేవాడు? "సరేలే, ఇంకోటి రాయి" అనేవాడు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. నాకది అప్పుడూ తెలుసు. నా కాగితంలో తప్పు ఉందని నా నోటితో చెప్పలేకపోయాను, అంతే. దాని ముందు ఒక బిడ్డ ఎంత తేలికైపోయిందో చూడండి.

మునెమ్మ సీతాఫలాలను ఒక్కొక్కటిగా తీసి నేల మీద పెట్టింది. "అయితే నాకే మతి తప్పినాదేమో. జొరంలో కలగన్నానేమో" అంది. నన్ను ఎక్కువగా తినేది ఇదే. బిడ్డ పోవడం కంటే ఇది. తనకు న్యాయం జరిగిందని ఆమెకు ఒక జ్ఞాపకం ఉండేది. చెదలు కాగితాన్నే తిన్నాయి. ఆ జ్ఞాపకాన్ని తిన్నది నేను.

ఏడాది ఆగి, ముప్పై తొమ్మిది అని వేసి, ఇంకొక అర్జీ రాశాను. ఏడాది ఎందుకు ఆగానని అడక్కండి. రోజూ రేపు అనుకున్నాను. నాయన నేను వేలు పెట్టిన చోట సంతకం చేశాడు, ఎవరిదని అడగలేదు. వారంలో నంబరు వచ్చింది. తర్వాత నకలు వచ్చింది. ముద్రతో, మూడు పేజీలు. చివరి పేజీలో ఉంది: మైనరు మంగ తన తల్లి మునెమ్మ సంరక్షణలోనే ఉండవలెను. మునెమ్మ కలగనలేదు.

ఆమె ఊరికి కార్డు రాశాను. "ఊరు విడిచిపోయినారు" అని తిరిగి వచ్చింది. బిడ్డను వెతుక్కుంటూ కోలారు పోయిందా? కూలికి ఇంకెక్కడికైనా పోయిందా? తెలియదు. మళ్ళీ రాసేందుకు విలాసం లేదు. మంగకు ఇప్పుడు పదేళ్ళు దాటి ఉంటాయి. నకలు నా పెట్టెలో, ఆ డైరీలో, అబద్ధపు పేజీలోనే ఉంది. నాయన ఒక్కొక్కసారి అడుగుతాడు, "ఆ సీతాఫలాలామె మళ్ళా రాలేదే?" అని. రాలేదంటాను.

మీరు నన్ను క్షమించాలని రాయలేదు. ఆ హక్కు ఉన్న మనిషి ఒక్కతే, ఆమె ఎక్కడుందో నాకు తెలియదు. ఇంతవరకు రాశాక చేయి కొంచెం తేలికైంది. అంత మాత్రమే.

ఆ మధ్యాహ్నం మునెమ్మ లేచి, ఖాళీ గంపను నడుముకు ఆనించుకుని వీధిలోకి దిగింది. నాలుగడుగులు పోయి తిరిగి వచ్చింది. కోపంతో వచ్చిందనుకున్నాను. కోపంగా ఉంటే నేను నిజం చెప్పి ఉండేదాన్నేమో. ఆమె గడప దగ్గర నిలబడి, నా వేళ్ళకున్న సిరా వైపు చూస్తూ అడిగింది:

"నా మంగ నాకాడికి వొచ్చినాక ఈడికి తోలకొస్తానమ్మా. నీ మాదిరి రాసేది నేర్పిస్తావా?"