అక్షరాల నిమ్కీ

శ్రీకాకుళం రోడ్డులో రాత్రి బండెక్కేటప్పటికి నా సంచిలో బట్టలకన్నా మైదాపిండే ఎక్కువ. టీచర్ ట్రైనింగ్‌లో మాకు నేర్పిన పద్ధతి అది: పిండితో అక్షరాలు చేయించి, వేలితో తడిమించి, చదివించడం. కలకత్తా రేవు పనులకు వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళ వాడలో వారంపాటు పాఠం చెప్పాలి. ఆఖరి రోజు మా మేడమ్ వచ్చి ఓ కొత్త వాక్యం ఇస్తారు. దాన్ని కనీసం ఒక్కరైనా చదవగలగాలి, లేకపోతే నేను ఫెయిలు.

"కలకత్తాలో మైదా దొరకదా అమ్మా?" అన్నాడు ఎదురు బెర్తాయన. నాకు ఆ ఆలోచనే రాలేదు, నా ఖర్మ!

మర్నాడు హౌరాలో దిగి, మట్టి కప్పులో టీ తాగి, బస్సూ ఆటో మారి మనవాళ్ళుండే మెటియాబ్రుజ్ వాడకు చేరాను. కుట్టుమిషన్ల మోత మధ్య ఒక గది. నా విద్యార్థినుల్లో పెద్దావిడ పైడమ్మ. బెంగాలీలో బేరమాడుతుంది, హిందీలో తిడుతుంది, తెలుగులో ముద్దు చేస్తుంది. చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు.

మొదటి రోజు చేసిన అక్షరాలను ఆరబెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే పళ్ళెం ఖాళీ.

"ఒలమ్మ, అంత పిండి ఎండిపోనిత్తారేటి పంతులమ్మా? నిమ్కీల్లాగ నూనిలో ఏయించేసినాం. ఉప్పొకటే తక్కువైంది" అంది పైడమ్మ.

నిమ్కీ అంటే అక్కడ టీలోకి నంజుకునే చిరుతిండి. ఏం చేస్తాను? ఉప్పూ నల్లజీలకర్రా కలిపే పిండి ఇచ్చాను. చదివిన అక్షరమే నూనెలో పడాలని షరతు పెట్టాను. పక్క సందుల వాళ్ళు కూడా చదువుకు వచ్చేశారు.

ఆఖరి రోజు మేడమ్ రానే వచ్చారు. "మీ బోధనోపకరణాలేవీ?"

"తినేశారు మేడమ్."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, పిండితో స్వయంగా "నాకు టీ కావాలి" అని పేర్చారు. పైడమ్మ వేలితో తడిమింది. పెదాలు కదిపింది. చటుక్కున లేచి బయటికి వెళ్ళిపోయింది. నా ప్రాణం పోయింది. మేడమ్ పెన్ను తీశారు.

కాసేపటికి పైడమ్మ టీ గ్లాసుతో వచ్చి ఆవిడ ముందు పెట్టింది. "అల్లం ఎయ్యమని రాయనేదు మేడమ్ గారూ, అందుకే ఎయ్యనేదు."

మేడమ్ టీ మొత్తం తాగి సంతకం పెట్టారు.

తిరుగు బండి ఖరగ్‌పూర్ దాటాక, పైడమ్మ ఇచ్చిన పొట్లం విప్పాను. నిమ్కీలన్నీ అక్షరాలే. కాగితం మీద అటూ ఇటూ జరిపి చూశాను: "మల్లీ రా". "ళ" నేను నేర్పనే లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"తినడానికా, చదవడానికా?" అంది పక్క సీటావిడ, చెయ్యి చాస్తూ.

"ముందు చదవండి" అన్నాను.