కోడలి కోసం బోనెక్కిన నాయనమ్మ

పోయిన శుక్రవారం పొద్దున మా నాయనమ్మ పోయింది. నేను బెజవాడలో డ్యూటీకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసి, "మా అత్త ఇక లేదే, వచ్చెయ్" అంది. వెంటనే పెట్టేసింది. చల్లపల్లి బస్సులో సీటు దొరికి కూర్చున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆమెను దేవతను చేయడానికి ఇది రాయడం లేదు. అలా చేస్తే ముందు తనే నవ్వేది. చల్లపల్లి మార్కెట్లో నలభై ఏళ్లు చేపలమ్మిన మనిషి. నిన్నటి చేపను నిన్నటిదని తనే చెప్పేది. "మధ్యాహ్నం ముక్క నోట్లో పెట్టుకుంటే ఎలాగూ తెలిసిపోద్ది, నేనే చెప్తే పోలా" అనేది. అంత నిక్కచ్చి మనిషి, ఇంట్లో జరిగేదాని గురించి మాత్రం పదకొండేళ్లు నోరు మెదపలేదు. మా నాన్న అమ్మ మీద చెయ్యెత్తగానే తట్ట చంకన పెట్టుకుని పెరటి వెనక కాలవ రేవుకి వెళ్లిపోయేది. కడిగిన తట్టనే మళ్లీ కడిగేది. గొడవ సద్దుమణిగాక వచ్చి అమ్మకి మజ్జిగ కలిపి ఇచ్చేది. ఆ మజ్జిగ మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాకు పదేళ్లప్పుడు, ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు పోలీసు జీపు ఉంది. అమ్మ కత్తిపీట ఎత్తి నాన్న భుజం మీద వేసిందన్నారు. నాన్న బందరు ఆసుపత్రిలో, అమ్మ స్టేషన్లో. వాకిలి నిండా చుట్టాలు, తలా ఒక మాట. నాయనమ్మ ఎవరికీ జవాబు చెప్పకుండా నాకు అన్నం కలిపి, "ముందు తిను" అంది.

అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లి కొడుక్కి తినిపించి వచ్చేది. వారానికోసారి నన్ను వెంటేసుకుని బెజవాడ జైలుకు వెళ్లేది. మొదటిసారి క్యారేజీ నిండా చేపల పులుసు పట్టుకెళ్లింది. గేటు దగ్గర పోలీసాయన, "బయట తిండి లోపలికి పంపకూడదమ్మా" అన్నాడు. "ముళ్లన్నీ తీసేశానండి" అంది నాయనమ్మ. ఆయన మొహం పక్కకి తిప్పుకుని నవ్వాపుకున్నాడు గానీ క్యారేజీ మాత్రం తీసుకోలేదు. ఇద్దరం గోడ నీడన కూర్చుని ఆ పులుసన్నం తిన్నాం. "మీ అమ్మ వంతు కూడా నువ్వే తినాలి" అని నా చేతిలో ముద్దలు పెట్టింది.

మరోసారి బస్సులో, కూచిపూడిలో ఎక్కినావిడ పక్కన కూర్చుని, "మనవరాలితో ఎక్కడికండీ?" అని పలకరించింది. "మా కోడల్ని చూడ్డానికండి. జైల్లో ఉంది" అంది నాయనమ్మ, వంటింట్లో ఉందన్నంత తేలిగ్గా. సిగ్గుతో నేను కిటికీ వైపు తిరిగిపోయాను. బస్సు దిగాక పోట్లాడాను.

"పెళ్లికని చెప్పొచ్చుగా?"

"ఇన్నాళ్లూ దాచింది చాల్లేవే" అంది.

మార్కెట్లోనూ అంతే. ఎవరైనా బేరం ఆడినట్టే ఆడి మా ఇంటి సంగతి కూపీ లాగబోతే, "చేప కావాలంటే చేప సంగతి అడుగు" అనేది.

మూడో నెలలో అమ్మకి బెయిలొచ్చింది. పుట్టింటివాళ్లు రావద్దంటే నాయనమ్మే వెళ్లి తీసుకొచ్చింది. అప్పటికి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన నాన్న ఆ కోపంతో బాబాయి ఇంటికి వెళ్లిపోయాడు. కేసు ఐదేళ్లు నడిచింది. ఆ రోజు జరిగింది కళ్లారా చూసింది నాయనమ్మ ఒక్కతే. అమ్మ కావాలనే లోపలికెళ్లి కత్తిపీట తెచ్చిందని చెప్పమని బాబాయి, పెద్దమనుషులు వెంటపడ్డారు. అలా చెబితే అమ్మ ఏళ్ల తరబడి జైల్లో ఉంటుంది. చెప్పకపోతే జన్మలో గడప తొక్కనని నాన్న కబురు పెట్టాడు. సాక్ష్యం చెప్పే వాయిదా ముందు వారమంతా నాయనమ్మ సరిగ్గా తిండి తినలేదు. ఏం చెబుతావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది, అమ్మ అసలు అడగలేదు.

కోర్టులో నేను చివరి బెంచీ మీద కూర్చున్నాను. బోనెక్కిన నాయనమ్మని, అమ్మ కత్తిపీట ఎక్కడి నుంచి తెచ్చిందని సర్కారు లాయరు అడిగాడు.

"ఎక్కడి నుంచీ తేలేదండి. పెరట్లో కత్తిపీట ముందే కూర్చుని చేపలు కోసుకుంటంది. మావాడే వచ్చి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. రెండోసారి కొట్టబోతుంటే అది కత్తిపీట ఎత్తింది."

"మీరెక్కడున్నారు?"

"కాలవ రేవులో. ఆ రోజు తిరిగి చూశానండి."

"కన్నకొడుకు మీద ఇలా చెబుతున్నారేంటమ్మా?"

"కన్నాను కాబట్టే వాడి సంగతి నాకు తెలుసండి."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"తప్పేనండి. వాడు కొడతంటే తట్ట తీసుకుని పోయేదాన్ని. అది రాసుకోండి" అంది.

నా కోపం పూర్తిగా పోలేదు గానీ, ఆ రోజు నుంచి ఆమె పక్కనే పడుకునేదాన్ని.

కేసు కొట్టేశారు. కోర్టు మెట్ల దగ్గర నాన్న ఎదురైతే, "ఒరేయ్, అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆయన ఆగలేదు. తర్వాత ఇబ్రహీంపట్నంలో లారీ పనికి కుదిరాడని విన్నాం. అటు వెళ్లేవాళ్ల చేత నాయనమ్మ రొయ్యల పచ్చడి పంపేది. సీసా తిరిగొచ్చేది. ఖాళీగా వచ్చిందో నిండుగా వచ్చిందో ఆమె చెప్పలేదు, మేం అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం, తొమ్మిదేళ్ల తర్వాత, నాన్న వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు. అమ్మ నాయనమ్మ తల దగ్గర చాప మీద కూర్చుని జుట్టు దువ్వుతోంది. బాబాయి వంగి, "వదినా, అన్నయ్యొచ్చాడు. కొరివి పెట్టాల్సినవాడు. నువ్వు కాసేపు లోపలికెళ్తే బాగుంటది" అన్నాడు.

"రమ్మను. ఆయన తల్లి దగ్గరికి ఆయన రావడానికి నేనడ్డమా? నేను మాత్రం లేవను. మా అత్తకి ఇంకా ముడి వెయ్యలేదు" అంది అమ్మ.

నాన్న వచ్చి కాళ్ల దగ్గర నిలబడ్డాడు. నా చిన్నప్పుడు ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, కంచం ముందున్నా సరే, అమ్మ లేచి నిలబడేది. ఆయన ఎదురుగా ఉండగా అమ్మ కూర్చుని ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. తలెత్తి ఒకసారి ఆయన్ని చూసి, మళ్లీ నాయనమ్మ జుట్టు చేతిలోకి తీసుకుని చిక్కు తీస్తూ కూర్చుంది.