ఏకాంబరం చల్లగాలి పెట్టె

శ్రీకాళహస్తికి దగ్గరలోని ఒక పల్లెలో దేవరాజులు నాయుడి కారుకు ఏకాంబరం డ్రైవరు. అవి యుద్ధం రోజులు. పెట్రోలు చీటీల మీద దొరికేది. కారు ఎక్కువగా కొట్టంలోనే ఉండేది. అయినా ఏకాంబరం దాన్ని రోజూ తుడిచి, ఇంజను మీది రేకు ఎత్తి చూసి, మళ్ళీ మూసేవాడు.

నాయుడికి ఎండ పడదు. మద్రాసులో ఎవరో దొర కారు కిటికీకి తగిలించిన రేకు పెట్టెను చూసి వచ్చి, అలాంటిదే కాళహస్తిలో రేకు పనివాడి చేత చేయించాడు. పెట్టెకు ముందువైపు వెడల్పాటి మూతి. లోపల వట్టివేళ్ళతో అల్లిన దిండు. పైన సన్నని బెజ్జాలున్న నీళ్ళ తొట్టి. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలి మూతిలో దూరి, తడిసిన వేళ్ళగుండా వచ్చి, వెనక సీటులో కూర్చున్నవాళ్ళకు చల్లగా తగిలేది. కారు ఆగితే గాలీ ఆగిపోయేది.

స్వర్ణముఖి ఒడ్డున ఆ వేళ్ళు తవ్వి తెచ్చి, కడిగి, దిండుగా అల్లేది ఏకాంబరం భార్య చెంగమ్మ. ఆమె ఎన్నడూ ఆ కారు ఎక్కలేదు. ఒకసారి ఎక్కించి తిప్పుతానని ఏకాంబరం అంటే, "నాయుడోళ్ళమ్మ కూకునే సీట్లో నేనా? ఊరుకోయ్యా" అని నవ్వేది.

ఆ ఏడు ఎండాకాలంలో చెంగమ్మకు జ్వరం పట్టుకుంది. కషాయాలు తాగించారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. ఒకనాడు తెల్లవారేసరికి ఆమె పొంతన లేకుండా మాట్లాడసాగింది. ఏకాంబరం నాయుడి గడప ముందు నిలబడ్డాడు గాని కారు అడగలేకపోయాడు. నాయుడి భార్య వరలక్ష్మమ్మే బయటికి వచ్చి, "కారు తీసుకోని పోప్పా, తిరపతి ఆస్పత్రికి. ఇంకా నిలబడతావేంది?" అన్నది.

చెంగమ్మను వెనక సీటులో పడుకోబెట్టారు. ఆమె తలను ఒళ్ళో పెట్టుకొని, చెల్లెల్ని చూడవచ్చిన అక్క సుబ్బులమ్మ కూర్చుంది. ఏకాంబరం తొట్టి నిండా నీళ్ళు పోసి బయలుదేరాడు.

ఊరు దాటగానే చెంగమ్మ మూలిగింది. "కాలిపోతాండా... గాలి రాలే... అయ్యా, గాలి రాలే."

ఏకాంబరం కారు ఆపాడు. బెజ్జాల్లో ఇసుక ఇరుక్కుందేమోనని ఒక్కొక్కదాన్నే సూదితో పొడిచాడు. నీళ్ళు బాగానే కారాయి. మళ్ళీ బయలుదేరాడు. కాస్త దూరం పోగానే మళ్ళీ అదే మూలుగు. ఈసారి దిండు బయటికి లాగి, విదిలించి, నీళ్ళు పోసి తడిపి పెట్టాడు. రేణిగుంట దాటాక ఇంకోసారి ఆపి, పెట్టెను కిటికీకి తాడుతో బిగించి కట్టాడు. ఆగిన ప్రతిసారీ కారులో ఉడుకు కమ్ముకునేది. సుబ్బులమ్మ ఏదో చెప్పబోయింది. "ఉండు వదినా, సరిజేస్తాండా" అని అతను వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆస్పత్రిలో చెంగమ్మ కన్ను మూసింది.

కర్మలు ముగిశాక ఏకాంబరం కారు కొట్టంలోకి దూరాడు. ఆనాడు పెట్టె ఎందుకు పనిచేయలేదన్న ఒక్క మాటే అతని తలలో తిరుగుతోంది. దిండు విప్పి వేళ్ళను పోగుపోగుగా విడదీశాడు. బురద పేరుకుంటే గాలి దూరదు. బురద లేదు; చెంగమ్మ శుభ్రంగా కడిగే అల్లింది. సాంబ్రాణి వెలిగించి కిటికీ చుట్టూ పట్టి, సందుల్లోంచి పొగ లోపలికి పోతుందేమోనని చూశాడు. పోలేదు. ఇంజను వేడి కింది నుంచి వస్తుందేమోనని సీటు కింది పలకలు ఎత్తి చూశాడు. అక్కడా ఏమీ లేదు.

అన్నీ మళ్ళీ బిగించాక నాయుడు కారులో కాళహస్తికి పోయి వచ్చి, "సల్లగానే ఉండాది గదప్పా. ఇంక దాన్ని ఇడిసిపెట్టు" అన్నాడు.

"లేదు సామీ. ఆ పొద్దు రాలే. యాడనో దోసం ఉండాది" అని ఏకాంబరం మళ్ళీ పెట్టె విప్పాడు.

ఆనాడు వెనక సీటులో కూర్చున్న మనిషి ఇంకొకరున్నారని అతనికి తట్టేసరికి వానలు కూడా మొదలయ్యాయి. సుబ్బులమ్మ ఊరికి నడిచిపోయాడు. ఆమె వసారాలో కూర్చొని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది.

"వదినా, ఆ పొద్దు గాలి ఎట్లుండె? అసలు రాలేదా, ఉడుగ్గా వచ్చినాదా? బాగా గ్యాపకం చేసుకోని చెప్పు."

సుబ్బులమ్మ చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడెందుకప్పా అదంతా?"

"చెప్పు వదినా. నాకు నిద్ర రాలే."

ఆమె చేట పక్కన పెట్టింది. "గాలి వచ్చినాదప్పా. సల్లగానే వచ్చినాది. నేను కొంగు కప్పుకోని కూకున్యాను. కాలింది దాని ఒళ్ళు. నా ఒళ్ళో నిప్పులు పోసినట్లుండె."

ఏకాంబరం ఆమె ముఖంలోకి అలాగే చూశాడు. "మరి నేను ఆపితినే. అన్నిసార్లు ఆపితినే వదినా."

"చెప్పబోతి. నువ్వు ఇనలే."

అతను స్తంభానికి ఆనుకొని నేలమీద కూర్చున్నాడు. "ఆపకుండా పోయింటే..."

"పోయింటే ఆస్పత్రి మంచం మీద ఇంకొంచేపు ఉండేది, అంతే. శానా ముందే తేవాల్సిందని డాక్టరు నాతో అన్యాడు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు దిండు తడుపుతాంటే అది కండ్లు తెరిచి నిన్ను సూసింది. అప్పుడు తెలివిగానే ఉండె. 'అక్కా, ఆయన ఎండలో నిలబడినాడు, లోపలికి రమ్మను' అనింది. అది చెప్పాలనే నిన్ను పిలిస్తి."

చెంగమ్మ పోయిన రోజున కూడా ఏడవని మనిషి, ఆ వసారాలో పెద్దగా ఏడ్చాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. సుబ్బులమ్మ వాళ్ళను పొమ్మని చెయ్యి ఊపి, అతని పక్కనే కూర్చుంది.

మరునాడు ఏకాంబరం పెట్టెను మళ్ళీ అమర్చి, కారు తాళం వరలక్ష్మమ్మ చేతికిచ్చాడు.

"ఏమప్పా, దోసం దొరికిందా?" అని ఆమె అడిగింది.

"బండి బాగుండాదమ్మా. దాంట్లో ఏమీ లేదు" అన్నాడు.

తర్వాత చిత్తూరు పోయి ఒక నూనె మిల్లులో ఇంజను చూసుకునే పనిలో చేరాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తిన బంధువుల దగ్గరికి పోవడం మానేశాడు. పని బాగా తెలిసినవాడని మిల్లులో అందరూ అనేవాళ్ళు. కాని ఇంజను ఏ కొంచెం మూలిగినా అతను ఒక్కడే తేల్చేవాడు కాదు. దగ్గరున్నవాళ్ళందరినీ పిలిచి, నీకేం వినిపించింది, నీకేం తగిలిందని అడిగి, అందరి మాటా విన్నాకే చెయ్యి పెట్టేవాడు.