కెమెరా వెనక గొంతు

వీడియో కుదించే పని మొదలుపెట్టగానే నా కంప్యూటరు ఫ్యాను రొద పెడుతుంది. కాసేపటికి పక్కనుంచి వేడిగాలి వచ్చి మోచేతికి తగులుతుంది, దానితోపాటు కాగిన ప్లాస్టిక్ వాసన. ఎవరింటి బారసాలో, ఎవరి గృహప్రవేశమో తెరమీద నడుస్తూ ఉంటుంది. ఆ వాసన వచ్చినప్పుడల్లా వరదరాజులు గారు గుర్తొస్తారు. గుర్తొస్తారంటే అదేదో తీపి జ్ఞాపకం అనుకునేరు.

ఆయన పాతికేళ్ళపాటు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసిన మనిషి. భుజం మీద కెమెరా మోయలేని వయసు వచ్చాక మద్రాసు మైలాపూరులో ఒక మేడమెట్ల కింది గదిలో చిన్న దుకాణం పెట్టుకున్నారు. జనం ఇళ్ళలో తీసుకున్న వీడియోలు తెచ్చిస్తే సైజు తగ్గించి, ఫోనులో పంపుకునేట్టు చేసివ్వడం పని. కంప్యూటరు కోర్సు చదివి ఎక్కడా ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి కుర్చీ చూపించారు. మొదటిరోజే నేను గొప్పకు పోయి, ఒక పెద్ద ఫైలును ఒక్క నొక్కుతో పదోవంతు చేసి చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా చూశారు.

"ఏమ్మా సుగుణా, ఈ ముసలామెకు కండ్లు యాడ?"

"సైజు తగ్గింది కదా సార్."

"సైజు తగ్గింది, సరి. ఆమె మొహం కూడా పోయిందే! మొహాల జోలికి పోవద్దు. ముందు పనికిరాని నిమిషాలు తియ్యి. నేలను చూస్తా ఉండే కెమెరా, ఖాళీ కుర్చీలు. అన్నిటికన్నా ముందు కెమెరా పట్టుకున్నోడి గొంతు. ఈడ చూడండి, నవ్వండి అని అరస్తా ఉంటాడే, వాడు ఎవురికి కావాల?"

పెళ్ళి వీడియోల వాళ్ళకు అదొక పట్టింపు. తీసినవాడి గొంతు వీడియోలో వినబడితే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతారు. నేనూ అలాగే తయారయ్యాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తీసేవాడు నోరు తెరిచిన చోటల్లా కత్తిరించడం, కత్తిరించడానికి వీల్లేని చోట శబ్దం ఆపేయడం నాకు అలవోకగా అబ్బింది. ఆయన మెచ్చుకుంటే నాకు వారంరోజులు నేలమీద కాలు ఆనేది కాదు.

ఆయనకు ఇంకొక పట్టుదల కూడా ఉండేది. ఇంట్లో అందరూ చిన్న ఫైలు చూసి సరేనన్నాకనే పెద్దది చెరపాలి. ఒకసారి ఒక పెద్దమనిషి "నేను చూసేశా, సీక్రం చెరిపేయండి, డిస్కు నాకు కావాల" అని తొందరపెట్టాడు. "మీ ఇంట్లో ఆడోళ్ళు చూసినారా?" అన్నారు ఈయన. అతను చిరాకుపడ్డాడు. మర్నాడు అతని భార్య వచ్చి చూసి, చనిపోయిన తన తమ్ముడు వడ్డిస్తున్న వీడియో ముక్క ఏదని అడిగింది. పెద్దది ఉంది గనుక తీసి ఇచ్చాం.

అంత జాగ్రత్త మనిషి తన ఇంటి వీడియోల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో తేలిగ్గా తీసుకున్నారు. తిరువొత్తియూరులో వాళ్ళ ఇల్లు. భార్య కమలమ్మ గారు, ఆయన, ఇద్దరే. ఏళ్ళ తరబడి ఆయన ఆమెను తీసిన వీడియోలతో డిస్కు నిండిపోయింది. సముద్రం దగ్గర, వంటింట్లో, కరెంటు రైల్లో కిటికీ పక్కన. నాలుగురోజులు కూర్చుని వాటిని కుదించే పని చేశాను. నేను అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు. ఆయన మొదటినుంచి చివరిదాకా చూసి, "శభాష్! నేను యాడా లేను" అని నవ్వారు.

"అమ్మగారు చూసేదాకా పాతవి ఉంచనా సార్?"

"మనింటివే కదమ్మా, దానికేం. చెరిపేయ్, జాగా లేదు."

చెరిపేశాను. ఆ ఒక్కరోజు ఎందుకు ఎదురుచెప్పలేదా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ డిస్కులోకి తర్వాత ఎవరెవరి పెళ్ళిళ్ళో వచ్చి చేరాయి.

ఆ ఏడాది వానల్లో ఆయన గుండె ఆగి పోయారు. దుకాణం నా చేతికి వచ్చింది. నెల తిరక్కుండా కమలమ్మ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయనది బటన్ల ఫోను, అందులో గొంతు దాచుకునే అలవాటే లేదు. "ఆయన మాట ఒక తూరి వినాల సుగుణా. దేంట్లో అయినా సరే" అన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టి వీడియో నడిపాను. తెరమీద ఆమె గరిటె పట్టుకుని వెనక్కి తిరిగి "చాల్లే, ఆపండి" అన్నారు. తర్వాత నిశ్శబ్దం. రైల్లో "ఆడ ఏముంది చూసేకి?" అని నవ్వారు. మళ్ళీ నిశ్శబ్దం.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి నావైపు తిరిగారు. "నేను ఎవురితో మాట్లాడతా ఉండాను?"

ఏడుస్తూ అంతా చెప్పాను. చెరిపినవి తిరిగి తీస్తామనే వాళ్ళ దగ్గరికి డిస్కు పట్టుకుని మూడుచోట్లకు తిరిగాను. ఏమీ రాలేదు. ఆ మాట చెప్పడానికి తిరువొత్తియూరు వెళితే ఆమె కోప్పడలేదు. "ఆయన నేర్పించిందే కదా నువ్వు చేసినావు" అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్నారు.

"'కమలా, ఈడ చూడు' అంటాడే, ఆయన అనేట్టు నువ్వొక తూరి అను."

అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని విని తల అడ్డంగా ఊపారు. గొంతు తగ్గించి మళ్ళీ అన్నాను.

"అట్ల కాదు. ఈడ అనేటప్పుడు కొంచెం..." అని ఆగిపోయారు. పెదవులు కదిపి చూసుకున్నారు. ఎలా అనేవారో ఆమెకూ అందలేదు. ఆ మొహం చూడలేక లేచి వచ్చేశాను.

ఏ వీడియోలో ఎన్నో నిమిషం దగ్గర ఆయన్ని తీసేశానో ఇప్పుడు అడిగినా చెప్పగలను. ఆ గొంతు ఎలా ఉండేదంటే మాత్రం చెప్పలేను.